ఎనిమిది గళ్ల పటం

ఆ సినిమా టీవీలో వస్తే మా ఇంట్లో ఛానల్ మార్చేస్తాం. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మారుస్తారు. ఎందుకు మార్చావని ఎవరూ అడగరు. వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, ఏదో ఒక ఛానల్ వాడు దాన్ని వేయక మానడు. ఇంటిల్లిపాదీ కూచుని చూసే సినిమా అని వారం ముందు నుంచే ఊదరగొడతాడు. ఇంటిల్లిపాదీ అట! మా ఇంటిల్లిపాదీ కూచుని చూశాం ఒకసారి. ఈ జన్మకు అది చాలు.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను, రెండు ముక్కల్లో అయిపోతుంది. ఒక అమ్మా నాన్న, ఇద్దరు పిల్లలు. నలుగురూ ఎప్పుడూ ఎవరి ఫోన్‌లో వాళ్లుంటారు. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఒక పెట్టెలో గుడ్డ మీద నేసిన పచ్చీసు ఆట పటం దొరుకుతుంది. సరదాగా గవ్వలు వేస్తారు. వేయగానే పటంలోని గళ్లు పెద్దవై నేలంతా పరుచుకుంటాయి, నలుగురూ కాయలైపోయి అందులో పడతారు. గవ్వలు ఎంత చెప్తే అన్ని గళ్లు నడవాలి. ఒక గడిలో పులులు, ఒక గడిలో ఇసుక తుఫాను, ఇంకోదాంట్లో మాట్లాడే ఏనుగు. పటం నడుమ ఉన్న ఇల్లు చేరితే గానీ బయటపడరు. చివరికి బయటపడతారు, ఇంకెవరి పిల్లలూ అందులో పడకుండా పటాన్ని కాల్చేస్తారు, నలుగురూ కలిసి కూచుని అన్నం తింటారు. అంతే.

ఆ పటం కోసం సినిమావాళ్లు వెతుక్కుంటూ వచ్చింది నారాయణపేటకు, మా ఇంటికి.

మాది మగ్గం ఇల్లు. ముందు గదిలో సగం జాగా గుంట మగ్గానిదే. మా నాన్న, మేం బాపు అంటాం, ఆ గుంటలో కాళ్లు పెట్టి కూచున్నాడంటే అన్నానికి పిలిచేదాకా లేవడు. అమ్మ కండెలకు నూలు చుడుతుంది. నేను మగ్గం ఎక్కలేదు. డిగ్రీ చదివి, ఊళ్లోనే ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూచుంటాను. పెళ్లి కాలేదు, దాని సంగతి ఇక్కడ అనవసరం. ఇంటికి ఇంగ్లీషు కాయితం వచ్చినా, ఎవరికైనా ఫోన్ చేసి పద్ధతిగా మాట్లాడాల్సి వచ్చినా బాపు నా వైపు చూసేవాడు. "మా బిడ్డ మాట్లాడుతది" అనేవాడు వాడకట్టు అంతా వినేట్టు.

చీర మీద నేసినవాడి పేరు ఉండదు. షాపువాళ్ల చీటీ ఉంటుంది, నారాయణపేట పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. బాపు నేసినవి ఎవరు కట్టుకున్నారో, ఏ ఊళ్లో ఏ బీరువాలో ఉన్నాయో మాకు తెలియదు. నా చిన్నప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండులో ఒకావిడ కొంగు చూసి, గా అంచు నేనే ఏసిన అన్నాడు. పోయి చెప్పు బాపూ అన్నాను. "ఏమని చెప్పాలె? పిచ్చోడనుకుంటది" అన్నాడు. ఆమె బస్సు కదిలేదాకా మాత్రం కళ్లు తిప్పలేదు. నాకు ఆ రోజు ఆమె మీద కోపం వచ్చింది, పాపం ఆమెకేం తెలుసు.

అమావాస్య నాడు మా దగ్గర మగ్గం ముట్టరు. నెలకు అదొక్కటే సెలవు. పొద్దున్నే మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని, బువ్వ తిని, మగవాళ్లు మా ముందు గదిలో పచ్చీసుకు కూచునేవాళ్లు. బాపు, ఎదురింటి మామ, ఇంకో ఇద్దరు. మామంటే నాకు వరసకు మామ, బాపుకు బావ. ఆయనదీ మగ్గమే. ఇద్దరూ పుట్టినప్పటి నుంచి ఒకరినొకరు ఆట పట్టించుకుంటూనే ఉన్నారు. గవ్వలు పడుతుంటే బయట వీధి చివరకు వినపడేవి వాళ్ల అరుపులు.

పచ్చీసు తెలియనివాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పటానికి నాలుగు రెక్కలు. ఒక్కో రెక్కలో మూడు వరసలు, వరసకు ఎనిమిది గళ్లు. నడుమ ఇల్లు. కాయ నాలుగు రెక్కలూ చుట్టి వచ్చి ఇల్లు చేరితే పండినట్టు. మూడో రెక్క కొసన ఇంటు గుర్తు ఉన్న గడి ఒకటి ఉంటుంది, అందులో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. అక్కడ కూచుని పచ్చీసు పడేదాకా చూస్తారు. పచ్చీసంటే ఇరవై ఐదు. అది పడిందా, సరిగ్గా ఇరవై ఐదో గడికి కాయ ఇంట్లో ఉంటుంది. నడుమ శత్రువులు ఎంతమంది ఉన్నా భయం లేదు, ఒక్క దూకు. ఆట రుచంతా ఆ దూకులోనే ఉందనేవాడు బాపు.

నారాయణపేట జిల్లా అయిన కొత్తలో, ఒక ఆదివారం పొద్దున ఒక కారు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. దిగినతను కుర్రవాడే, గడ్డం, మెడలో హెడ్‌ఫోన్లు. సినిమాలో ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అట. బాపు కోసం అడిగాడు. "జర కూసోండ్రి, బాపు గిప్పుడే వస్తడు" అన్నాను నేను. అతను నవ్వాడు. "భలే ఉందండీ మీ యాస! మా సినిమాలో కామెడీ ట్రాక్‌కు పెట్టుకోవచ్చు" అన్నాడు. చెడ్డవాడు కాదు, మెచ్చుకుంటున్నానే అనుకున్నాడు. నాకు మాత్రం చెవుల దాకా వేడెక్కింది. ఆ క్షణం నుంచి అతనితో టీవీలో వార్తలు చదివే ఆవిడలా మాట్లాడడం మొదలుపెట్టాను. వస్తారండీ, చేస్తారండీ, తప్పకుండానండీ. అమ్మ కండె చుట్టడం ఆపి నా మొహం చూసింది, ఈ పిల్లకేమైంది అన్నట్టు.

బాపు వచ్చాక కాయితం తీసి చూపించాడు. పచ్చీసు పటం బొమ్మ, రంగులతో. మెషిన్ మీద చేసింది దగ్గరగా చూపిస్తే తెలిసిపోతుందట, చేతితో నేసిందే కావాలట. సినిమా మొదటి నుంచి చివరి దాకా పటం కనబడుతూనే ఉంటుందన్నాడు. "అసలు హీరో మీ గుడ్డే అంకుల్. టైటిల్స్‌లో మీ పేరు కూడా వేస్తాం" అన్నాడు. కూలి ఎంతన్నాడో బాపు సరిగ్గా విననే లేదు. "నా పేరా? తెర మీదనా?" అని రెండు సార్లు అడిగాడు. ఇంటి పేరుతో సహా పూర్తిగా రాయించాడు. అతను ఫోన్‌లో ఇంగ్లీషులో కొట్టుకున్నాడు, నేను అక్షరాలు చెప్పాను. పన్నెండు రోజుల్లో కావాలని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం బాపు ఆ కాయితాన్ని అద్దాలు పెట్టుకుని చూస్తూ చూస్తూ ఆగాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"బిడ్డా, గీళ్లు వరసకు ఏడే గళ్లు గీసిండ్రు."

"అయితే ఏమాయె?"

"ఏమాయె అంటవేందే? ఏడైతే పచ్చీసు పడ్డా ఇల్లు కుదరది. ఇరవై రెండుకే ఇల్లొస్తది. మూడు ఎక్కువైతయి. ఇల్లు కుదరని పటమేం పటం?"

"వాళ్లేమన్న ఆడుతరా బాపూ? సినిమా అది."

"ఎవ్వరాడకపోనీ. సూసేటోడు సూస్తడు. గింత ఊరిల పచ్చీసు ఎరుకున్నోడు ఒక్కడుండడా? నేసినోనికి గళ్లు లెక్కపెట్టరాదా అనడా?" కాయితం నా చేతిలో పెట్టాడు. "గా పిలగానికి ఫోన్ చెయ్. వరసకు ఎనిమిదుండాలె, బొమ్మ మార్చుకోమని చెప్పు. నువ్వైతే మంచిగ చెప్తవు."

ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్లాను. ఇంట్లో సరిగ్గా వినపడదని చెప్పి వెళ్లాను. అతని నంబరు తీశాను. ఏమని చెప్పాలి? మీ బొమ్మ తప్పండీ, మా నాన్న గళ్లు లెక్కపెట్టారండీ అనాలా? వాడు మళ్లీ నవ్వుతాడు. పక్కనున్నవాళ్లకు చెప్పి వాళ్లతో కలిసి నవ్వుతాడు. పల్లెటూరి ముసలాయన సినిమావాళ్లకు పాఠం చెప్తున్నాడు అంటారు. నంబరు చూస్తూ కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాను. ఏడైతేనేం, ఎనిమిదైతేనేం, ఎవడు లెక్కపెడతాడు అనుకున్నాను. మళ్లీ లోపలికి వచ్చాను.

"చెప్పిన బాపూ. సరే అన్నరు. మీకు ఎట్ల తెలిస్తే అట్లనే నెయ్యమన్నరు."

"సూసినవా? మంచి మాట చెప్తే ఎవరైనా ఇంటరు" అన్నాడు బాపు అమ్మతో.

ఇంత చిన్న అబద్ధం. పక్కింటావిడకు ఉప్పు లేదని చెప్పేటంత చిన్నది.

మర్నాడే పడుగు వేశాడు. నాలుగు రెక్కలూ ఒకే పడుగు మీద వరసగా నేసి, నడుమ ఇల్లు విడిగా నేసి, తర్వాత కుట్టాలి. నారాయణపేట మగ్గానికి గళ్లు కొత్త కాదు, చీర నిండా గళ్లే వేస్తాం. కానీ ఇంటు గుర్తులు వేరే దారంతో చేత్తో అల్లుకుంటూ వేయాలి. ఒక్కో గుర్తుకు పూట పట్టింది. ఎరుపు నచ్చక రెండు సార్లు రంగు అద్దించాడు. మామ రోజూ వచ్చి గుంట ఒడ్డున కూచునేవాడు. "బావా, పటమొక్కటేనా, హీరోయిన్‌ను గూడ నువ్వే నేస్తవా?" అనేవాడు. "నేస్తె నేస్త, నీకేం నొప్పి?" అనేవాడు బాపు, కాళ్లు ఆపకుండా.

పది రోజులకు అమావాస్య వచ్చింది. ఇంకా ఒక రెక్క మిగిలే ఉంది. ఆ రోజు పొద్దున బాపు పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, మగ్గం ఎక్కాడు. నేను పుట్టాక అదే మొదటిసారి.

"ఏమయ్యా, అమాస నాడు మగ్గం ఎక్కుతవా? నీకు సినిమా పురుగు కుట్టిందా?" అంది అమ్మ.

"రెండు రోజులల్ల కారొస్తది. ఏం చెయ్యమంటవు?"

"రానీ. ఒక్కరోజు ఆగితే వాళ్ల కొంపలేం మునగవు. జర ఫోన్ చేసి చెప్పిస్తే అయిపాయె, బిడ్డున్నది గదా."

"ఒకపారి చేస్తిమి గదా, ఊకూకె ఏం చేస్తం ఫోను" అన్నాడు బాపు. అమ్మ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. "మీ బాపు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని నాతో అంది, కండెలు మాత్రం చుట్టి ఇవ్వలేదు. ఆయనే దిగి చుట్టుకుని, మళ్లీ ఎక్కి నేసుకున్నాడు.

అయిపోయాక దర్జీతో కుట్టించి ముందు గదిలో పరిచారు. నిజం చెప్తున్నాను, అంత మంచి వస్తువు మా ఇంట్లో అంతకు ముందు లేదు, తర్వాత రాలేదు. అంచు దగ్గర ఒక్క పోగు లేవలేదు. ఆడి చూడందే పంపనన్నాడు బాపు. మామా ఆయనా కూచుని ఒక ఆట ఆడారు. మూడో రెక్క కొస నుంచి మామకు పచ్చీసు పడింది. ఇద్దరూ గొంతెత్తి లెక్కపెట్టారు, ఇరవై ఐదుకు కాయ ఇంట్లో పడింది. ఓడిపోయిన బాపు గెలిచినవాడి కంటే ఎక్కువ సంబరపడ్డాడు.

కారు వచ్చింది, పటాన్ని తీసుకుపోయింది. ఆ కుర్రవాడు సూపర్ అంకుల్, సూపర్ అంటూ ఫొటోలు తీశాడు గానీ గళ్లు లెక్కపెట్టలేదు. నేననుకున్నదే నిజమైందని లోపల సంతోషపడ్డాను కూడా. ఛీ.

నాలుగో రోజు నేను కాలేజీలో ఉండగా అతని నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, ఏంటండీ ఇది, వరసకు ఎనిమిది గళ్లున్నాయి?"

అసలు పచ్చీసుకు ఎనిమిదే ఉండాలండీ, మీ బొమ్మలోనే తప్పుందండీ అన్నాను, ఆ టీవీ గొంతుతోనే.

"అయ్యో, మరి ఆ మాట అప్పుడే ఒక్క ఫోన్ చేసి చెప్పాలి కదా మేడం! అప్పటికి సెట్ మొదలే పెట్టలేదు, మార్చేసేవాళ్లం. ఇప్పుడు నేల మీద గళ్లన్నీ ఏడు లెక్కన వేసేశాం. పటానికీ సెట్‌కూ తేడా వస్తే ఎలా? రేపే షూటింగ్." కాసేపు ఎవరితోనో మాట్లాడాడు. "సర్లెండి, ఇక్కడ ప్రింట్ కొట్టిస్తున్నాం. మీది కూడా ఎక్కడో ఒకచోట వాడుకుంటాం లెండి, పారేయం."

నవ్వలేదు అతను. అసలు అప్పుడు ఫోన్ చేసినా నవ్వేవాడు కాదేమో. మార్చేసేవాళ్లం అన్నాడు. ఆ ఒక్క మాట నాలుగు నెలలు నా నిద్ర తినేసింది. ఎక్కడో ఒకచోట వాడుకుంటాం అన్నాడు కదా అని దాన్ని పట్టుకుని బతికాను. ఇంట్లో చెప్పలేదు. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకోవడమే. చెప్పకపోవడం కూడా అలవాటైపోతుంది మనిషికి.

తర్వాత కరోనా వచ్చింది. సినిమా ఆగిపోయింది. మా చీరలూ ఆగిపోయాయి. షాపులు తెరవలేదు, నేసినవి ఇంట్లోనే దొంతరగా పేరుకున్నాయి. వాడకట్టులో ముగ్గురు మగ్గాలు పీకేసి కూలి పనికి పోయారు. బాపు మాత్రం పీకనన్నాడు. "సినిమా రానీ. నారాయణపేట మగ్గం అంటే ఏందో అప్పుడు ఎర్కైతది" అనేవాడు. వచ్చిన ప్రతివాడితోనూ అదే మాట. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లేదాన్ని.

చివరికి సినిమా విడుదలైంది. బాపు జీపు కిరాయికి మాట్లాడి వాడకట్టులో పదకొండు మందిని ఎక్కించాడు. మహబూబ్‌నగర్‌లో పొద్దుటి ఆట. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. దేవరకద్ర దాటాక కూడా చెప్పడానికి నాకు ముప్పావు గంట టైముంది. పక్కనే కూచున్నాడు. అందరి ముందూ ఎలా చెప్పను అనుకున్నాను. రెండేళ్లు ఎవరూ లేనప్పుడు చెప్పనిదాన్ని, అందరి ముందట అట!

హాల్లో మా వాళ్లంతా రెండు వరసల్లో కూచున్నారు. పెట్టె తెరిచారు. పిల్లవాడు పటం పరిచాడు. మా వాళ్లు ఈలలు వేశారు. "బావా, నీదే!" అని అరిచాడు మామ వెనక వరస నుంచి. బాపు ముందుకు వంగాడు. కాసేపు చూసి వెనక్కి ఆనుకున్నాడు.

"గిది నాది కాదు" అన్నాడు మెల్లగా.

"మంచిగ సూడు" అంది అమ్మ.

"ఏం సూసుడు? అచ్చు కొట్టిన గుడ్డ. ఏడే గళ్లు."

నేను తెర మీంచి చూపు తిప్పలేదు. తర్వాతి గంటన్నర ఎలా గడిచిందో నాకే తెలుసు. ప్రతి పది నిమిషాలకు తెర నిండా ఆ ప్రింటు గుడ్డ. మూడో రెక్క కొసన నిలబడ్డ అమ్మాయికి పచ్చీసు పడింది. ఆమె పరిగెత్తుతుంటే మామ గొంతెత్తి లెక్కపెట్టాడు. "ఇరవై రెండుకే ఇల్లొచ్చెనేందిరా! ఇంక మూడు ఏడ వోయినయ్?" హాలంతా గొల్లుమంది. బాపు నవ్వలేదు.

సినిమా అయిపోవస్తోంది. నలుగురూ బయటపడ్డారు. పెరట్లో మంట వేసి, తండ్రి పటాన్ని తెచ్చి అందులో పడేశాడు. పడేసే ముందు ఒక్కసారి దులిపాడు. బాపు నా చేయి పట్టుకున్నాడు. నేనూ చూశాను. ఎర్ర అంచు, చేత్తో వేసిన ఇంటు గుర్తులు. లెక్కపెట్టక్కరలేదు, అది మాదే. ప్రింటు గుడ్డ ప్లాస్టిక్ దారం, మంటలో వేస్తే ముద్దగా కరుగుతుంది, తెర మీద బాగుండదు. నూలు అయితే అందంగా కాలుతుంది. ఎక్కడో ఒకచోట వాడుకుంటాం అన్నది ఇందుకు.

కొసల నుంచి నడిమి ఇంటి దాకా కాలింది. దగ్గరగా చూపించారు, చాలాసేపు చూపించారు. కారులో వచ్చిన ఆ కుర్రవాడు చెప్పింది నిజమే, దగ్గరగా చూపిస్తే తేడా తెలిసిపోయింది. హాల్లో పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మా వాళ్లు కూడా కొందరు కొట్టారు, తెలియక.

"నూలు గాబట్టి మంట సాఫ్‌గ లేస్తాంది" అన్నాడు బాపు.

పేర్లు పడడం మొదలైంది. జనం లేచారు, దీపాలు వేశారు. బాపు లేచి నిలబడ్డాడు, కదలలేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, కింది నుంచి పైకి పరుగు. "చదువు బిడ్డా" అన్నాడు. చదివాను. డ్రైవర్ల పేర్లున్నాయి, భోజనాలు పెట్టినవాళ్ల పేర్లున్నాయి, కుక్కను తెచ్చినవాడి పేరుంది. చివరి దాకా చదివాను. తెర నల్లబడింది.

"ఉన్నదా?"

ఆయన మొహం చూశాను. ఆ మొహంతో ఒక మనిషి అడుగుతుంటే లేదని ఎలా చెప్పను?

"ఉన్నది బాపూ. జల్ది పోయింది."

"ఉన్నదట!" అన్నాడు బాపు అమ్మతో. బయట జీపు దగ్గర అందరికీ చెప్పాడు. కాల్చితే కాల్చిండ్రు, పేరైతే ఏసిండ్రు అన్నాడు. అందరూ ఆయన భుజం తట్టారు. అమ్మ మాత్రం "అమాస నాడు మగ్గం ఎక్కితే కాలకేమైతది" అని గొణిగింది.

మూడో రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో బాపు లేడు. మామను, మామ కోడలిని వెంటబెట్టుకుని మళ్లీ మహబూబ్‌నగర్ పోయాడని అమ్మ చెప్పింది. సినిమాకే. మామ కోడలు ప్రైవేటు బడిలో టీచరు, ఇంగ్లీషు చదువుతుంది. "మల్ల ఎందుకే?" అన్నాను. "పేరు సరిగ్గ సూసి రావాలంట. నువ్వు చూసినప్పుడు జల్ది పోయిందన్నవు గదా" అంది అమ్మ.

దీపాలు పెట్టే వేళకు వచ్చారు ముగ్గురూ. నేను గుమ్మంలోనే ఉన్నాను. మామ కోడలు నా కళ్లలోకి చూసి, వెంటనే చూపు దించుకుంది. మామ బీడీ తీసి, అగ్గిపెట్టె కోసం అన్ని జేబులూ వెతుక్కున్నాడు.

"సూసినవా, ఉన్నదా?" అంది అమ్మ.

"ఉన్నది" అన్నాడు బాపు. "మంచిగ పెద్ద పెద్ద అచ్చరాలతోని ఏసిండ్రు. బిడ్డ చెప్పినట్టే." నా వైపు చూడకుండా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాడు.

అప్పుడు అర్థమైంది నాకు, ఫోన్ సంగతి కూడా ఆయనకు తెలిసిపోయిందని. పోగులు చూసి బతికే మనిషి, ఒకటి తెగితే దాని వెనక ఇంకోటి ఎక్కడ తెగిందో ఆయనకు ఎవరూ చెప్పక్కరలేదు. పెరట్లోకి వెళ్లి కాళ్ల మీద పడాల్సింది. బాపూ, నేను ఫోన్ చెయ్యలేదు, వాడు నవ్వుతాడని సిగ్గుపడ్డాను అని చెప్పాల్సింది. నేను చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లాను, ఆయన తీసుకున్నాడు, నేను లోపలికి వచ్చేశాను. తిట్టాడా, లేదు. అలిగాడా, లేదు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పుడు నేనూ ఏడ్చి, గొడవ పడి, ఎలాగో ఒకలా దులిపేసుకునేదాన్ని.

ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటాం. కూర బాగుందంటాడు, వర్షమొస్తది గొడుగు తీస్కపో అంటాడు, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. కానీ ఆ రోజు నుంచి నన్ను ఒక్క కాయితం చదవమని అడగలేదు, ఒక్క ఫోన్ చెయ్యమని అడగలేదు. మొన్న ఆయన కంటికి శుక్లం తీయడానికి ఏ రోజు రమ్మంటారో దవాఖానకు ఫోన్ చేసి కనుక్కోవాల్సి వచ్చింది. చీటీ పట్టుకుని, గోడ పట్టుకుని, వీధి దాటి మామ కోడలి దగ్గరకు వెళ్లాడు. నేను ముందు గదిలోనే కూచుని ఉన్నాను, ఫోన్ నా చేతిలోనే ఉంది.